డబ్బాలో రాని బరువు

ఆ శిక్షణ కేంద్రంలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేది జీతం చీటీ ఒక్కటే. మిగతా అందరికీ ఆయన డబ్బా మాస్టారు. డబ్బా అంటే సిమ్యులేటరు. విమానం ముక్కు వరకూ కోసుకొచ్చి ఆరు ఇనుప కాళ్ల మీద నిలబెట్టినట్టుంటుంది. లోపల పైలట్ల సీట్లు, మీటర్లు, కిటికీల బదులు తెరలు. తెరల మీద ఆకాశం కదులుతుంటే కింద ఆ ఆరు కాళ్లూ పొడుగవుతూ పొట్టవుతూ డబ్బాను వంచుతాయి, ఊపుతాయి, కుదుపుతాయి. వాటికి గ్రీజు పెట్టడం, బోల్టులు బిగించడం, మూలిగితే ఎందుకు మూలిగాయో కనిపెట్టడం ఇరవై రెండేళ్లుగా మాస్టారి పని. పెళ్లెందుకు చేసుకోలేదండీ అని ఎవరైనా అడిగితే, "ఆరు కాళ్లున్నదాన్ని కట్టుకున్నాను, ఇంకో రెండు కాళ్లకి ఇంట్లో చోటేదండీ?" అనేవాడు. మొదటి ఏడాది ఆ మాటకి అందరూ నవ్వారు. మిగతా ఇరవై ఒక్క ఏళ్లూ ఆయనొక్కడే నవ్వుకున్నాడు.

రోజూ పొద్దున్న ఏడింటికి, ఇంకా ఎవరూ రాకముందు, డబ్బాలోకి వెళ్లి ఒక పరీక్ష చేసేవాడు. కాగితం మీద ఉన్న పరీక్షలు ఎలాగూ చేస్తాడు, ఇది ఆయన సొంతం. గాజు గ్లాసులో సగం దాకా టీ పోసి సీట్ల వెనక నేల మీద పెట్టి, డబ్బాను ఆడించి, తను పక్కనే చతికిలబడి ఆ టీ వంక కళ్లార్పకుండా చూసేవాడు. లోపలికి తినేవీ తాగేవీ తేకూడదని తలుపు మీద ఎర్ర రంగుతో రాసింది కూడా ఆయనే అనుకోండి.

టీ ఎందుకంటే, డబ్బా చేసేదంతా మోసం. దాని కాళ్లు మహా అయితే మనిషి ఎత్తు సాగుతాయి. ఆ తర్వాత సాగడానికి ఏమీ ఉండదు. కాబట్టి ముందు ఒక్క తోపు తోసి, లోపలివాడి ఒళ్లు ఆ తోపుని ఇంకా తలుచుకుంటూ ఉండగానే, వాడికి తెలియనంత మెల్లగా వెనక్కి జారి మధ్యకి వచ్చేస్తుంది. మళ్లీ తోయాలి కదా మరి! దీన్ని మాస్టారు దొంగ నడక అనేవాడు. డబ్బా వెనక్కి జారుతున్నప్పుడు టీ పైభాగం వణికిందా, దొంగ దొరికిపోయినట్టే. వణక్కపోతే మాస్టారు మీసం మీద చెయ్యి వేసుకుని, ఆ టీ అక్కడే తాగేసి బయటికొచ్చేవాడు.

విద్యార్థులు డబ్బా దిగి తూలుతూ, దాని తలుపుకి ఆనించే వంతెన మీదికి వచ్చేసరికి ఆయన అక్కడ నిలబడి ఉండేవాడు. "ఎలా ఉంది?" అని అడిగేవాడు. వాళ్లు చెప్పేదాకా ఆగేవాడు కాదు. "పైన కూడా అచ్చం ఇంతే. వెంట్రుకవాసి తేడా ఉండదు," అనేవాడు. కొత్తవాళ్లకి ఆ మాట కొండంత ధైర్యం. ఇంత అనుభవం ఉన్న మనిషి చెబుతున్నాడు కదా!

చెప్పొద్దూ, అసలు సంగతేమిటంటే, మాస్టారు పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు.

ఎక్కకూడదని పంతమేమీ లేదు. కుదరలేదంతే. చేరిన కొత్తలో ఎవరూ రమ్మనలేదు. ఒకసారి సిబ్బందినంతా చిన్న విమానంలో ఒక చుట్టు తిప్పారు, ఆరోజు ఆయన అయిదో కాలు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత అచ్చం ఇంతే, అచ్చం ఇంతే అని అన్నేళ్లు అన్నాక, నేనెప్పుడూ ఎక్కలేదండీ అని చెప్పడానికి ఇక నోరెలా వస్తుంది? మళ్లీ ఎవరైనా పిలిస్తే చెవి పోటనేవాడు. చెవి పోటు లేని మనిషికి చెవి మీద అంత జాగ్రత్త ఏమిటని ఎవరికీ అనుమానం రాలేదు.

అలాంటి కేంద్రంలోకి ఆయన మేనకోడలు విద్యార్థినిగా వచ్చింది. అక్కకి ఒక్కతే కూతురు. పుట్టినప్పటినుంచీ అందరికీ అమ్మడే. చిన్నప్పుడు సెలవుల్లో మామయ్య వెంట వచ్చి గ్రీజు డబ్బాల మధ్య కూర్చుని చదువుకున్న పిల్ల. కేంద్రంలో సీటొచ్చిందని తెలియగానే అక్క కుట్టుమిషను ఆపేసి మొహం మాడ్చుకుంది. ఆవిడ పరదాలు కుడుతుంది. బావ పోయినప్పటినుంచీ ఆ ఇంటికి ఆ మిషనూ ఆ పిల్లే.

"ఒరేయ్ తమ్ముడూ, నాకు దానిమీద నమ్మకముందిరా, ఆకాశం మీదే లేదు," అంది.

"ఆకాశంలో ఏముందక్కా? అంతా నా డబ్బాలో నేర్చుకునే వెళ్తుంది. అక్కడ చేసిందే పైన చేస్తుంది. అచ్చం ఇంతే."

"నిజంగా?"

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

అక్క మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

అమ్మడు డబ్బాలో చేప నీళ్లలో ఉన్నట్టుండేది. అన్నిటికన్నా బాగా చేసింది నిటారు మలుపు. అంటే విమానాన్ని దాదాపు ఒక పక్కకి పడుకోబెట్టి, ముక్కు పైకీ కిందకీ పోకుండా, విమానాన్ని నడిపే కర్రను వెనక్కి లాగి పట్టుకుని, గుండ్రంగా పూర్తి చుట్టు తిరగడం. పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ గీత గీసినట్టు తిరిగింది. పెద్ద కెప్టెన్ గారని, అక్కడ నేర్పేవాళ్లలో పెద్దాయన, ఎవరినీ ఒక్క మాటైనా మెచ్చుకోని మనిషి, ఆ రోజు ఆమె కాగితం మీద "బాగుంది" అని రాశారు. మాస్టారు ఆ కాగితాన్ని పదిమందికి చూపించాడు.

ఆ సాయంత్రం వంతెన మీద అమ్మడు అడిగింది. "మామయ్యా, పైన కూడా ఇంతేనా?"

"అచ్చం ఇంతే," అన్నాడు మాస్టారు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు ఆమె చిన్న విమానంలో పెద్ద కెప్టెన్ గారితో వెళ్లింది. గంటకి తిరిగొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మామయ్యని చూసి కూడా ఆగకుండా బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లిపోయింది. మూడు రోజులాగి మళ్లీ తీసుకెళ్లారు. మళ్లీ అదే మొహం. ఈసారి బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేలని చూస్తూ ఉండిపోయింది. మాస్టారు పక్కన కూర్చున్నాడు.

"ఏమైందమ్మా?"

"మలుపు తిప్పుతుంటే ఏదో పట్టుకుంది మామయ్యా. తల మెడలోకి దిగిపోయింది. చెంపలు కిందికి జారిపోయాయి. చెయ్యి ఎత్తుదామంటే ఎత్తలేకపోయాను. ఏదో విరిగిపోతోందనుకున్నాను, విమానమో నేనో. కర్ర వదిలేశాను. ముక్కు కిందికి పోయింది. ఆయన లాక్కుని నిలబెట్టారు. రెండోసారి అలా కాకూడదని పళ్లు బిగించుకుని కూర్చున్నాను. అయినా చెయ్యి దానంతటదే వదిలేసింది." మళ్లీ అంది. "డబ్బాలో పదకొండుసార్లు చేశాను. అచ్చం ఇంతే కదా? మరి తేడా నాలోనే ఉంది. నేను పిరికిదాన్ని మామయ్యా. నేను కూడా కొంగనే."



కొంగంటే ఆరేళ్ల కిందటి విద్యార్థి. తాటిచెట్టంత మనిషి. డబ్బాలో కూర్చుంటే మోకాళ్లు మీటర్లకి కొట్టుకునేవి, అందుకా పేరు. అతనూ డబ్బాలో బ్రహ్మాండంగా చేసి పైన నిటారు మలుపులో కర్ర వదిలేశాడు. అతను తిన్నగా మాస్టారి దగ్గరికే వచ్చాడు. అందరి ముందూ, క్యాంటీన్లో. "మాస్టారూ, పైన వేరేగా ఉందండీ. ఒళ్లంతా బరువెక్కిపోతోంది. డబ్బాలో ఏమన్నా తేడా ఉందేమో ఒకసారి చూస్తారా?" అన్నాడు, ఎంతో మర్యాదగా. మాస్టారికి ఒళ్లు మండింది. తన డబ్బాని అంటాడా! "నా డబ్బాలో తేడా లేదు బాబూ. తేడా నీలోనే ఉంది, చూసుకో," అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కవాళ్లకేసి తిరిగి, "డబ్బాలో పులి, పైన పిల్లి," అన్నాడు. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి. కొంగ కూడా నవ్వాడు, ఏం చేస్తాడు పాపం. ఆ వారంలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. పేరు మాత్రం కేంద్రంలో ఉండిపోయింది. పైకెళ్లి తడబడినవాళ్లని కొంగ అనడం అలవాటైంది.

"సోమవారం కాగితం ఇచ్చేస్తాను," అంది అమ్మడు. "మానేస్తున్నానని. అమ్మకి నువ్వే చెప్పు."

ఆమె లేచి వెళ్లాక కూడా మాస్టారు బెంచీ మీద కూర్చునే ఉన్నాడు. అది బుధవారం. సోమవారానికి ఎంతో లేదు. ఆ కాగితం ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే, మళ్లీ చేర్చుకోరు.

ఇంటికెళ్లినా అన్నం సహించలేదు. ఇక్కడ మాస్టారి బుద్ధి ఎటు పోయిందో చెప్పాలి, లేకపోతే ఆయన్ని వెనకేసుకొచ్చినట్టవుతుంది. తన మాట గురించి ఆలోచించాల్సిన మనిషి మూడో కాలు గురించి ఆలోచించాడు. నెల కిందట మూడో కాలులో బేరింగు అరిగి కిర్రుమనడం మొదలైంది. కొత్తది వచ్చేదాకా డబ్బాను ఆపితే క్లాసులు ఆగిపోతాయి. అందుకని కంప్యూటర్లో ఊపుని మూడో వంతు తగ్గించి, రోజూ డబ్బా పరిస్థితి రాసే పుస్తకంలో "అంతా సవ్యంగా ఉంది" అని సంతకం పెట్టాడు. అమ్మడు నేర్చుకున్నది ఆ నెల్లోనే. ఇంకేముంది, తప్పు దొరికింది! ఊపు తక్కువైంది కాబట్టి పిల్ల పైన తట్టుకోలేకపోయింది. బేరింగు మారిస్తే, సంతకం తప్పని ఒప్పుకుంటే తీరిపోయే తప్పు. ఇంత కుదురైన తప్పు దొరికేసరికి ఆయనకి కొంచెం ఊపిరాడింది కూడా.

మర్నాడు పెద్ద కెప్టెన్ గారి గదికి వెళ్లి నిలబడే అంతా చెప్పేశాడు.

"కూర్చోండి మాస్టారూ," అన్నారాయన. "పుస్తకంలో రాయకపోవడం తప్పే. ఇవాళే రాయండి, నేను కూడా సంతకం పెడతాను. కానీ అమ్మాయి తడబడింది దానివల్ల కాదు."

"ఊపు తగ్గించానండీ మరి..."

"ఊపు రెట్టింపు చేసినా ఆ మలుపు బరువు రాదు. పైన ఆ చుట్టు తిరిగినంతసేపూ మనిషి తన బరువుకి రెట్టింపు తూగుతాడు. గది నేల మీద కాళ్లు పాతుకుని నిలబడ్డ డబ్బా ఒక్క క్షణం నెడుతుంది, అంతే. అరనిమిషం పాటు మనిషిని సీటుకేసి నొక్కి పట్టడం దానివల్ల ఎక్కడవుతుంది? అది మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. డబ్బాతో వచ్చిన లావుపాటి పుస్తకంలో మొదట్లోనే ఉంది. మాస్టారికి ఆ పేజీ కంఠతా వచ్చు. ఒంటికే రాదు.

"మరి మీరు ముందే చెప్పకపోయారా అమ్మడికి?" అన్నాడు మాస్టారు.

పెద్ద కెప్టెన్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చెప్పాను. బరువు మీద పడుతుంది, కంగారుపడకు, అది మామూలే అని చెప్పాను. తల ఊపి నవ్వింది. 'మా మామయ్య చెప్పాడు సార్, అచ్చం డబ్బాలాగే ఉంటుందట' అంది. మీ మాటంటే ఆ అమ్మాయికి వేదం. నేనూ నొక్కి చెప్పలేదు. అది నా పొరపాటు."

ఆయనే మళ్లీ అడిగారు.

"మీరు పైకెళ్లినప్పుడు చూసే ఉంటారుగా ఆ బరువు. చివరిసారి ఎప్పుడు వెళ్లారు?"

"చాన్నాళ్లయిందండీ," అన్నాడు మాస్టారు.

చాన్నాళ్లేమిటి, జన్మ మొత్తం! నిజం చెప్పడానికని వచ్చిన గదిలో కూర్చుని ఇంకో అబద్ధమాడి లేచాడు మహానుభావుడు. వరండాలోకి వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అమ్మడి చెయ్యి కర్రని వదల్లేదు, తనే వదిలించాడు. విరిగిపోతోందని ఆ పిల్ల ఎందుకు అనుకుంది? ఇలా ఉంటుందని ఎవరూ చెప్పక కాదు, ఇలా ఉండదని తను చెప్పడం వల్ల.

ఆదివారం కేంద్రానికి సెలవు. మాస్టారు అక్క ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి అమ్మడిని పిలిచాడు. "ఒక్క గంట నాతో రా అమ్మా. ఆ తర్వాత నీ ఇష్టం."

డబ్బా ఉండే హాలు మూడంతస్తుల ఎత్తు. డబ్బా కదిలేటప్పుడు వంతెన పైకి లేస్తుంది, గంట మోగుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది, హాల్లో మనిషన్నవాడు ఉండకూడదు. అందుకే విద్యార్థులెవరూ డబ్బా ఆడుతుండగా బయటినుంచి చూసి ఉండరు. వాళ్లకి డబ్బా అంటే లోపలే. మాస్టారు అమ్మడిని పక్కనున్న కంప్యూటరు గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ గోడంత అద్దం ఉంది, అందులోంచి హాలంతా కనిపిస్తుంది.

"నువ్వు చేసిన మలుపు ఇందులో దాచి ఉంది. పదకొండోది. నువ్వు చేసినట్టే మళ్లీ చేయిస్తున్నా. లోపల ఎవరూ లేరు. కొత్త బేరింగు నిన్న వచ్చింది, మార్చాను, ఊపు పూర్తిగా ఉంది. నువ్వు తెరనీ చూడు, డబ్బానీ చూడు."

గంట మోగింది. వంతెన లేచింది. ముందు డబ్బా చిన్నగా వణికింది, విమానం ఎగురుతున్నట్టు. తర్వాత తెర మీద రెక్క కిందికి దిగింది. హాల్లో డబ్బా ఒక పక్కకి వంగింది, కుర్చీలో కూర్చున్న మనిషి కింద పడ్డ పెన్ను తీసుకోవడానికి వంగినంత. తెర మీద భూమి నిలువుగా లేచి గోడలా నిలబడింది. పొలాలూ రోడ్లూ గిర్రున తిరగసాగాయి. హాల్లో డబ్బా మెల్లమెల్లగా, చూస్తుండగానే, తిన్నగా అయిపోయింది. తిన్నగా అయి, కదలకుండా నిలబడింది.

అమ్మడు అద్దానికి దగ్గరగా జరిగింది. "ఆగిపోయిందేం మామయ్యా? పాడైందా?"

"లేదమ్మా. తిరుగుతోంది."

"ఎక్కడ తిరుగుతోంది?"

"తెర చూడు."

తెర మీద భూమి తిరుగుతూనే ఉంది. పక్కన చిన్న అంకె, బరువు ఎన్నింతలో చెప్పేది, రెండు అని చూపిస్తోంది. అద్దం అవతల డబ్బా మాత్రం గదిలో బీరువాలా నిలబడి ఉంది. చుట్టు పూర్తయ్యేదాకా అలాగే ఉంది. చివర్లో అటు పక్కకి కాస్త వంగి, మళ్లీ మధ్యకి వచ్చేసింది.

"ఇంతేనా?" అంది అమ్మడు.  "ఇదా నేను పదకొండుసార్లు చేసింది?"

"ఇంతే. ఆ అంకె రెండని రాస్తుంది. నీ ఒంటి మీద ఒకటే ఉంటుంది. ఇంట్లో నులక మంచం మీద కూర్చున్నప్పుడు ఎంతో అంతే. పైన నీ మీద పడింది నిజం బరువు. విమానం విరగలేదు, నువ్వూ విరగలేదు. అదక్కడ అలాగే ఉంటుంది. నీలో తేడా లేదమ్మా."

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి అచ్చం ఇంతే అన్నావా?"

మాస్టారు అద్దం మీద మరక ఏదో ఉన్నట్టు చొక్కా అంచుతో తుడిచాడు. మరకేం లేదు. "ఇంకోటి కూడా ఉందమ్మా. నేను ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఒక్కసారి కూడా."

అమ్మడు ముందు నమ్మలేదు. తర్వాత ఆయన మొహం చూసి నమ్మింది. అప్పుడు ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాడు మాస్టారు. ఏడిస్తే ఓదార్చుకునేవాడు. కానీ ఏడవలేదు. పళ్లు నూరింది.

"వారం రోజులు మామయ్యా! వారం రోజులు అద్దంలో నా మొహం నేను చూసుకోలేదు. అమ్మ దగ్గర కూర్చోవాలంటే సిగ్గేసింది. ఆయన చెబుతుంటే కూడా వినలేదు, ఎందుకంటే మా మామయ్యకి తెలియంది ఉండదు కదా! నువ్వు ఎక్కనేలేదు! ఎక్కలేదని ఒక్క మాట చెప్పడానికి ఏమొచ్చింది నీకు?"

"సిగ్గేసిందమ్మా."

"నీ సిగ్గుకి నేను మానేయాలా?"

 అమ్మడు విసురుగా తలుపు తీసుకుని వెళ్లిపోయింది. ఆయన కంప్యూటరు ఆపి, వంతెన దించి, ఒక్కో కాలునీ గుడ్డతో తుడిచాడు. తుడవాల్సిన అవసరం ఏమీ లేదు. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక తుడిచాడు.

సోమవారం పొద్దున్న ఏడింటికి టీ గ్లాసుతో డబ్బా దగ్గరికి వెళ్లేసరికి వంతెన మీద అమ్మడు నిలబడి ఉంది. చేతిలో మడత పెట్టిన కాగితం.

"పెద్ద కెప్టెన్ గారిని నిన్న సాయంత్రమే అడిగాను," అంది, ఆయన కళ్లలోకి చూడకుండా. "తొమ్మిదింటికి తీసుకెళ్తారట. నాలుగు సీట్ల విమానం. వెనక ఖాళీ ఉంది. నువ్వెక్కితే నేనెక్కుతాను. ఎక్కకపోతే ఇది ఆఫీసులో ఇచ్చేస్తాను."

"నాకు చెవి..." అని నోటిదాకా వచ్చింది మాస్టారికి. అలవాటు మరి. దాన్ని మింగేశాడు. "వస్తానమ్మా," అన్నాడు. టీ అక్కడే పెట్టేసి మర్చిపోయాడు.

విమానం ఇంత చిన్నదిగా ఉంటుందని ఆయన అనుకోలేదు. తలుపు కారు తలుపుకన్నా పల్చగా ఉంది. వెనక సీట్లో కూర్చుంటే మోకాళ్లు ముందు సీటుకి ఆనాయి. అమ్మడు ఎడమ పక్క, పెద్ద కెప్టెన్ గారు కుడి పక్క. రన్‌వే మీద పరుగెత్తుతున్నప్పుడు వీపు సీటుకి అతుక్కుంది. డబ్బాలో ఈ పని వెనక్కి వంచి చేస్తాడు తను. ఇది ఎవరూ వంచకుండానే అతుక్కుంది, వదలకుండా అతుక్కుంది. నేల కిందకి పోయింది. మాస్టారు దేవుళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు.

పైన కాసేపు తిన్నగా వెళ్లారు. అందరి చెవులకీ మైకులు తగిలించి ఉన్నాయి. పెద్ద కెప్టెన్ గారు, "బరువు వస్తుంది. రానీ. అది నీ స్నేహితుడనుకో, చెయ్యి వదలకు," అన్నారు. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "మాస్టారూ, మీరు మాత్రం తల సీటుకి ఆనించి ఉంచండి," అన్నారు. ఆ గొంతు వింటే ఆయనకి అంతా తెలిసిపోయిందని మాస్టారికి అర్థమైంది.

"తిప్పుతున్నాను," అంది అమ్మడు.

రెక్క కిందికి దిగింది. కిటికీ నిండా భూమే. అంతవరకూ తెలిసిందే. ఆ తర్వాత బరువు దిగింది. మెల్లగా, ఎవరో పెద్ద మనిషి వచ్చి ఒళ్లో కూర్చున్నట్టు. దవడ జారింది. గడ్డం ఛాతీ మీదికి పోతుంటే మెడ బిగపట్టాడు. మోకాలి మీదున్న చేతిని ఎత్తుదామని చూశాడు, నిండు బిందె ఎత్తుతున్నట్టుంది. ఇప్పుడు దొంగలా వెనక్కి జారిపోతుంది, ఇప్పుడు జారిపోతుంది అని ఆయన ఒళ్లు ఎదురుచూసింది. ఇరవై రెండేళ్ల అలవాటు. జారలేదు. ఆ బరువు అలాగే ఉంది. ముందు సీటు జేబులో సగం నీళ్లున్న సీసా ఉంది. విమానం పక్కకి పడుకుని ఉంటే సీసాలో నీళ్లు మాత్రం సీసాలో ఏ పక్కకీ ఒరక్కుండా, ఇంట్లో బల్ల మీద ఉన్నట్టు ఉన్నాయి. వణుకు కూడా లేదు. ఎన్ని వేల గ్లాసుల టీ చూశాడో ఆయన, ఇలాంటిది చూడలేదు.

ముందు అమ్మడి మోచేయి కనిపిస్తోంది.  వేళ్లు కర్ర మీద ఒక్కసారి వదులయ్యాయి. మాస్టారు అరవబోయి ఆగాడు. పెద్ద కెప్టెన్ గారి చేతులు ఆయన ఒళ్లోనే ఉన్నాయి, కదల్లేదు. అమ్మడి వేళ్లు మళ్లీ బిగిశాయి. కర్ర వెనక్కి వచ్చింది, అక్కడే నిలిచింది. పొలాలు, రోడ్లు, చెరువు, మళ్లీ అవే పొలాలు. చుట్టు పూర్తయింది. రెక్కలు సమమయ్యాయి. బరువు ఒక్కసారిగా లేచిపోయింది, మాస్టారి చెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది.

"మామయ్యా," అంది అమ్మడు మైకులో, ఆయాసపడుతూ. "ఎలా ఉంది?"

ఆ ప్రశ్నకి ఆయన దగ్గర ఇరవై రెండేళ్లుగా ఒకటే జవాబు. అది రాలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "నాకు తెలియలేదమ్మా," అన్నాడు. "ఇన్నాళ్లూ నాకు ఏమీ తెలియలేదు."

"ఇంకోటి తిప్పనా?" అంది. ఆ గొంతులో కోపం పూర్తిగా పోలేదు, కానీ సగం నవ్వు కూడా ఉంది.

"తిప్పు."

ఇంకో మూడు తిప్పింది. దిగాక మాస్టారు విమానం రెక్క పట్టుకుని కొంచెం కక్కుకున్నాడు. అమ్మడు వీపు రాసింది. జేబులోంచి ఆ మడత కాగితం తీసి, ఆయన మూతి తుడవడానికి ఇచ్చింది. అక్కకి ఏం చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి అమ్మడు, "నేనే చెబుతాలే, నువ్వు మాత్రం పక్కన కూర్చోవాలి," అంది. అమ్మడూ పెద్ద కెప్టెన్ గారూ నవ్వుతూ ఆఫీసు వైపు నడిచారు. మాస్టారు వెనకబడ్డాడు.

 ఈ పిల్ల తన మేనకోడలు కాబట్టి ఆదివారం వెతుక్కుంటూ వెళ్లాడు. ఆరేళ్ల కిందట క్యాంటీన్లో నిలబడి మర్యాదగా అడిగినవాడికి ఎవరు వెళ్లారు? అతను చెప్పింది అక్షరాలా ఇదే. ఒళ్లంతా బరువెక్కిపోతోందండీ అన్నాడు. ఆ మాట పట్టుకుని అందర్నీ నవ్వించాడు తను.

ఆఫీసులో పాత దరఖాస్తుల ఫైళ్లు చూసే గుమాస్తాని ఆరేళ్ల కిందటి ఆ కుర్రాడి ఫోను నంబరు అడిగితే, ఆవిడ "కొంగదా?" అని నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఆవిడ వెతికి, ఒక చీటీ మీద రాసిచ్చింది. వరండా చివర కిటికీ దగ్గర నిలబడి ఫోను చేశాడు. చాలాసేపు మోగింది. అవతల ఏదో యంత్రం హోరు, దాని మధ్యలోంచి ఒక మగ గొంతు.

"ఎవరండీ?"

"నేను బాబూ, డబ్బా మాస్టారిని."

అవతల యంత్రం హోరు ఆగిపోయింది. ఎవరో స్విచ్చి నొక్కినట్టున్నారు. మాస్టారు వరండా పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. మిగిలింది ఒక్కటే.

"నువ్వు ఆరోజు అడిగావు చూడు, డబ్బాలో ఏమన్నా తేడా ఉందేమో చూడమని. చూశాను బాబూ. తేడా డబ్బాలోనే ఉంది. నీలో లేదు."

 ఆ గొంతు, అప్పటిలాగే ఎంతో మర్యాదగా అంది.

"చూడడానికి ఆరేళ్లు పట్టిందా మాస్టారూ?"

"పట్టింది బాబూ," అన్నాడు మాస్టారు.